ఏడుగురికి పదకొండు బోర్లు, పోస్తున్నవి నాలుగు: నీళ్లు కలుపుకుంటే నిలబడతామా?

మడకశిర_రైతు | జూన్ 3, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు.

మాది మడకశిర వైపు, కర్ణాటక హద్దుకు దగ్గర. ఒకే వంక (చిన్న వాగు) పక్కన ఏడుగురం, అందరం అన్నదమ్ముల వరస వాళ్లమే. మొత్తం 22 ఎకరాలు. పదిహేనేళ్లలో ఏడుగురం కలిసి పదకొండు బోర్లు వేశాం. కలిసి అన్నాను గానీ ఎవరికి వాళ్లమే వేసుకున్నాం, అదే కదా గొడవ. ఇప్పుడు నీళ్లు పోస్తున్నవి నాలుగు. ఆ నాలుగూ ముగ్గురివి. మిగతా నలుగురం మబ్బు కేసి చూసేవాళ్లం. నా బోరు మార్చిలో గాలి కక్కింది.

పోయిన వారం మా చిన్నాన్న ఒక మాటన్నాడు. "నాలుగు బోర్లకూ పైపులు కలిపేద్దాం. 22 ఎకరాలూ ఒకే మడి అనుకుందాం. ఇంక ఎవ్వరూ కొత్త బోరు వెయ్యొద్దు." నాలుగింట్లో రెండు బోర్లు ఆయనవే, అందుకే ఆ మాట విని అందరం ఒక నిమిషం మాట్లాడలేదు. మిగతా ఇద్దర్లో ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు రెండెకరాల వరి ఉంది. ఇంకొకాయన "నీళ్లు కలుపుకుంటారు సరే, నా బోరు అప్పు కూడా కలుపుకుంటారా?" అన్నాడు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇలాంటిది ఎక్కడైనా జరిగిందా? జరిగితే ఎన్నాళ్లు నిలబడింది? స్టాంపు కాగితం రాసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

చీనీతోట | జూన్ 3, రాత్రి 10.15

తమ్ముడూ, జరగదు. నిరుత్సాహపెడుతున్నా అనుకోవద్దు. మా సొంత అన్న, నేను ఒక్క బోరు పంచుకున్నాం, చెరో రోజు వంతు. స్టార్టర్ డబ్బాకు రెండు తాళాలు పడ్డాయి, ఆయనదొకటి, నాదొకటి. గొడవ ఎక్కడ మొదలైందో తెలుసా? నా వంతు రోజు కరెంటు పోయింది. ఆ పోయిన వంతు నాదా, ఇద్దరిదా? ఆ ఒక్క ప్రశ్న మీద మూడేళ్లు మాటల్లేవు. ఇద్దరికే ఇంత అయితే ఏడుగురికి ఎంతవుతుందో నువ్వే లెక్క వేసుకో.

పల్లెబోరు | జూన్ 3, రాత్రి 10.31

రెండు తాళాలు 😂 మా ఊళ్లో మూడు.

పాలమూరోడు | జూన్ 4, ఉదయం 6.20

జరిగిందన్నా. మా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే చెల్లాపూర్ అని ఊరుంది. ఉమ్మడి రాష్ట్రంలో కరువు పథకం కింద, వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా చేశారు. బోర్లున్నోళ్లు లేనోళ్లకు నీళ్లియ్యాలె, అందుకు పైపులైను వేసుకోవాలె, వరి తగ్గించుకోవాలె, పదేండ్లు కొత్త బోరు వెయ్యొద్దు అని ఒప్పందం. అనంతపురం జిల్లాలోనూ అదే పద్ధతి తర్వాత చేశారు. మీ చిన్నాన్న గాల్లోంచి తియ్యలేదు ఆ మాట.

నాకు అర్థమైంది ఒకటి చెప్తా. బోరున్నాయన ఎందుకు ఒప్పుకుంటాడు? జాలితో కాదు. నీళ్లియ్యకపోతే పక్కాయన అప్పు చేసి ఈయన బోరు పక్కనే ఇంకో బోరు పొడుస్తాడు. అప్పుడు ఇద్దరివీ పోతాయి. కొంచెం ఇచ్చి ఆ బోరు బండిని రాకుండా ఆపుకుంటున్నాడు, అంతే. మీ వరి ఆయనకు ఈ సంగతి చెప్పి చూడు.

పుణె_తెలుగు | జూన్ 4, ఉదయం 9.05

నేను హివరే బజార్ చూసొచ్చాను. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. ఏడాదికి 400 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. మన అనంతపురానికి అంతకంటే ఎక్కువే, 550 ప్రాంతం. అయినా అక్కడ బావుల్లో నీళ్లున్నాయి! వ్యవసాయానికి బోర్లు నిషేధం, చెరకు, అరటి నిషేధం. ఏటా వాన కొలిచి, నీళ్ల లెక్క ఊరందరి ముందూ చెప్పి, తాగడానికి, పశువులకు పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి ఏ పంట ఎంత వెయ్యాలో చెప్తారు. అక్కడ సర్పంచ్‌గా చేసిన పోపట్‌రావ్ పవార్‌కు 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. మన ఊళ్లలో ఎందుకు చెయ్యలేకపోతున్నామో నాకర్థం కాదు. సంకల్పం ఉండాలంతే.

చీనీతోట | జూన్ 4, ఉదయం 9.22

సంకల్పం చాలా ఉంది బాబూ, నీళ్లే లేవు.

ఒకటి గమనించావా? వాళ్లు బోర్ల మీద నిషేధం పెట్టింది మొదట్లోనే. మనం పొలం నిండా బోర్లు పొడిచేశాక కూర్చుని మాట్లాడుకుంటున్నాం. పైగా అక్కడ ముప్పై ఏళ్లుగా ఒకే మనిషి వెంటపడి చేయిస్తున్నాడు. మా ఊళ్లో ఐదేళ్లకోసారి సర్పంచ్ మారితే ముందాయన వేసిన సిమెంటు బెంచీ కూడా పీకేస్తారు.

కొలతబకెట్టు | జూన్ 4, మధ్యాహ్నం 1.50

మడకశిర తమ్ముడూ, నేను రాసేది కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

2003 తర్వాత ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవాళ్లు. ఆ పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగక "బకెట్టు పథకం" అనేశారు. ఎందుకంటే మేం చేసిన పనే అది. బోరు దగ్గర బకెట్టు పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో చూసి రాసుకోవడం. కొన్ని బోర్లలోకి టేపు దింపి, పదిహేను రోజులకోసారి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడడం. వానమాపకం దగ్గర రోజూ పొద్దున చదవడం. అన్నీ ఊళ్లో గోడ మీద బోర్డుకి ఎక్కించడం. రబీకి ముందు వంక పరీవాహకంలో ఉన్న ఊళ్లన్నీ కూర్చుని, వచ్చిన నీరెంత, వెయ్యబోయే పంటలకు కావలసిందెంత అని లెక్క తీసేవాళ్లం.

అందులో ఎవరినీ నువ్వు వరి వెయ్యొద్దు అనలేదు. జరిమానా లేదు, ఒప్పందం లేదు. బోర్డు మీద లోటు కనిపించేది, అంతే. ఆ అంకె చూశాక కొందరు వాళ్లంతట వాళ్లే వరి సగం చేసుకున్నారు. అందరూ కాదు. కానీ తగ్గించినవాళ్లు నష్టపోలేదు, ఎందుకంటే తగ్గించిన పంటకు చివరి తడి దాకా నీళ్లు అందాయి. పథకం అయిపోయాక మా ఊళ్లో బోర్డు వెలిసిపోయింది, టేపు ఎక్కడుందో తెలీదు. బకెట్టు మాత్రం మా ఇంట్లో గేదెకు కుడితి పెట్టడానికి పనికొస్తోంది.

అందుకని నా మాట: పైపులు తర్వాత, ముందు కొలవండి. 20 లీటర్ల బకెట్టు తీసుకుని నాలుగు బోర్ల దగ్గరా, మోటారు వేసిన అరగంట తర్వాత చూసి ఇక్కడ పెట్టు. ఏడుగురూ అక్కడే ఉండాలి. ఆడవాళ్లనూ పిలవండి. తెల్లారుజామున వాల్వు తిప్పేది చాలా ఇళ్లలో వాళ్లే, మీటింగుల్లో మాత్రం కనపడరు.

మడకశిర_రైతు | జూన్ 6, రాత్రి 8.10

అక్కా, కొలిచాం. వరి ఆయన రానన్నాడు గానీ, మేం బకెట్టు పట్టుకుని వెళ్తే తనే వచ్చి సెకన్లు లెక్కపెట్టాడు (నెమ్మదిగా లెక్కపెడుతున్నాడని మావాళ్లు ఫోన్లో గడియారం పెట్టారు).

చిన్నాన్న మొదటి బోరు 8 సెకన్లు. రెండోది 25. అప్పు ఆయనది 12. వరి ఆయనది 14.

అందరం ఆశ్చర్యపోయింది వరి ఆయన బోరు గురించి. ఊళ్లో అదే పెద్ద బోరని పేరు.

కొలతబకెట్టు | జూన్ 6, రాత్రి 9.30

శభాష్. అంటే సెకనుకు సుమారు రెండున్నర, ముప్పాతిక పైన, ఒకటీ ముప్పాతికకు తక్కువ, దాదాపు ఒకటిన్నర లీటర్లు. నాలుగూ కలిపి 6.4. తొమ్మిది గంటల కరెంటు పూర్తిగా వస్తే రోజుకు రెండు లక్షల లీటర్ల పైమాట.

ఎకరా నేల మీద ఒక అంగుళం నీళ్లు నిలబెట్టాలంటే లక్ష లీటర్లు కొంచెం దాటుతుంది. అంటే మీ నాలుగు బోర్లూ రోజుకు రెండెకరాలకు ఒక అంగుళం తడి ఇస్తాయి. 22 ఎకరాలు తిరిగి రావడానికి 11 రోజులు.

ఇప్పుడు అసలు లెక్క. ఎకరా వరికి నాటు నుంచి కోత దాకా సుమారు 1,200 మిల్లీమీటర్లు పెట్టుకో, 48 లక్షల లీటర్లు పైనే. ఖరీఫ్ వేరుశెనగ మామూలుగా వాన మీదే వచ్చేస్తుంది, ఊడలు దిగేటప్పుడో కాయ ఊరేటప్పుడో వాన ముఖం చాటేస్తే చచ్చిపోతుంది. ఆ సమయంలో అంగుళం చొప్పున మూడు తడులు, మొత్తం 22 ఎకరాలకూ ఇస్తే 68 లక్షల లీటర్లు. అంటే ఎకరన్నర వరి తాగే నీళ్లు కూడా కాదు. స్ప్రింక్లర్‌లో గాలికి పోయేది, పైపుల్లో కారేది కలుపుకున్నా రెండెకరాల వరికి మించదు.

రెండెకరాల వరి ఎవరికుందో నేను చెప్పను.

పల్లెబోరు | జూన్ 6, రాత్రి 9.34

అక్క చెప్పకుండానే చెప్పేసింది.

నల్లరేగడి | జూన్ 6, రాత్రి 10.48

లెక్క బాగుంది గానీ ఒక అనుమానం. నాలుగు బోర్లూ ఒకేసారి తొమ్మిది గంటలు నడిస్తే ఇప్పుడున్న సెకన్లు అలాగే ఉంటాయా? మీది నల్లరాతి నేల. కింద ఇసుకలో ఉన్నట్టు నీళ్లు పరుచుకుని ఉండవు, రాతి పగుళ్లలో ఉంటాయి. రెండు బోర్లు ఒకే పగులు మీద పడితే ఒకటి నడిచినప్పుడు రెండోది తగ్గుతుంది. ఒక రోజు ఒక్కొక్కటి విడిగా, ఇంకో రోజు నాలుగూ కలిపి వేసి కొలవండి. తేడా వస్తే ఆ రెండూ ఇప్పటికే కలిసి ఉన్నట్టే. మీరు పైపు వెయ్యకముందే భూమి వేసేసింది.

రిటైర్డ్_ఏఈ | జూన్ 7, ఉదయం 7.15

కరెంటు శాఖలో ముప్పై ఏళ్లు చేసిన అనుభవంతో రెండు మాటలు.

చీనీతోట గారు కలిసి వాడుకోవడం జరగదన్నారు. ఏడుగురూ ఇప్పటికే కలిసి వాడుకుంటున్నది ఒకటుంది: ట్రాన్స్‌ఫార్మర్. అది కాలిపోయినప్పుడు చందాలు వేసుకుని, ట్రాక్టర్ పిలిపించి, మోసుకెళ్లి, మోసుకొచ్చేది రైతులే కదా. అక్కడ ఎవరూ వంతు గురించి కొట్లాడరు, ఎందుకంటే కాలిపోతే అందరి పంటా ఎండుతుంది. కరెంటు రాగానే ఆటోస్టార్టర్లతో మోటార్లన్నీ ఒక్కసారి లేవడం వల్లే సగం ట్రాన్స్‌ఫార్మర్లు పోతాయి. 2018లో తెలంగాణలో 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది కూడా ఇందుకే. మీ ఒప్పందం నీళ్లతో కాదు, ఇక్కడ మొదలుపెట్టండి: ఆటోస్టార్టర్లు తీసేసి, ఒకరి తర్వాత ఒకరు పది నిమిషాల తేడాతో వెయ్యడం. పైసా ఖర్చు లేదు. ఇది నెల రోజులు నడిస్తే నీళ్లూ నడుస్తాయి.

రెండోది, నాలుగు బోర్లను ఒకే పైపుకి నేరుగా కలపొద్దు. బలమున్న మోటారు బలం లేనిదాన్ని వెనక్కి నెడుతుంది. ప్రతి బోరుకీ నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు పెట్టాలి. ఇంకా మంచిది, గట్టు మీద ఒక సిమెంటు తొట్టి కట్టి అన్నీ అందులో పోసి, అక్కడి నుంచి పంచుకోవడం. తొట్టిలో పడ్డాక అవి ఎవరి బోరు నీళ్లో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడం చాలా ముఖ్యం.

చీనీతోట | జూన్ 7, ఉదయం 8.40

ఏఈ గారూ, ట్రాన్స్‌ఫార్మర్ మాట ఒప్పుకున్నా. దానికి జవాబు లేదు నా దగ్గర.

కానీ నా బాధ వేరు. వేరుశెనగ వేసేవాడు ఈ ఏడు మానుకుంటాడు, వచ్చే ఏడు వేస్తాడు. నా చీనీ (బత్తాయి) చెట్లు మానుకోలేవు కదా. మే నెలలో నీళ్లు ఆపితే పదహారేళ్లు పెంచిన చెట్టు చచ్చిపోతుంది. ఒక కరువులో నేను ట్యాంకర్లు పెట్టి పోశాను. అప్పటికీ సగం చెట్లు గొడ్డలి పాలయ్యాయి. నరికిన రోజు మా ఆవిడ పొలానికి రాలేదు. అందుకే పంచుకుందాం అంటే నాకు గుండె దడ. మీ వంక పక్కన తోటలెవరికైనా ఉన్నాయా? ఉంటే వాళ్ల లెక్క వేరే పెట్టుకోండి, లేకపోతే వాళ్లే మొదట బయటికి పోతారు.

మడకశిర_రైతు | జూన్ 7, ఉదయం 9.02

తోటలు లేవన్నా. ఒకాయనకు అరెకరం మల్బరీ ఉంది. పట్టుపురుగు మేపే రోజుల్లో ఆకు ఆగకూడదు. నువ్వు అన్నది నిజం, దాన్ని విడిగా రాస్తాం.

పాతరాతలు | జూన్ 7, రాత్రి 11.20

కొంచెం పక్కకు వెళ్తున్నా, మోడరేటర్ గారు క్షమించాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువు అది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో లెక్క రాశారు. ఆ దోషాల్లో రెండు నాకు ఎప్పుడూ గుర్తుంటాయి. నీళ్లు తక్కువ, సాగు నేల ఎక్కువ కావడం ఒక దోషం. రెండు రాజ్యాల హద్దు మీద ఉండడం ఇంకో దోషం. ఆరున్నర వందల ఏళ్ల కిందటే చెప్పేశారు: కొరత కంటే ముందు తగువును చూసుకోమని.

మడకశిర తమ్ముడి వంక కర్ణాటక నుంచి వస్తోందా?

మడకశిర_రైతు | జూన్ 8, ఉదయం 6.00

అవును సార్, అక్కడి నుంచే 😐

పాలమూరోడు | జూన్ 8, ఉదయం 6.45

చెరువు మాట వచ్చింది కాబట్టి. మా దిక్కు నీరటోళ్లు ఉండె. మీ రాయలసీమలో నీరుగట్టి అంటారు. తూము తియ్యడం, ఏ మడికి ఎంత పారాలో చూడడం ఆయన పని. పంట మీద గింజలు కొలిచేది అందరూ. ఆయనకు ఎంత పెద్ద రైతైనా ఒకటే. బోర్లు వచ్చినంక ఎవనికి వాడే నీరటి అయిపోయిండు. మీ ఏడుగుర్లో వాల్వు తిప్పే మనిషి భూమి లేని మనిషి అయితే మంచిది. జీతం అందరూ ఇవ్వాలె.

కొలతబకెట్టు | జూన్ 8, ఉదయం 10.10

ఇది బంగారం లాంటి మాట. చీనీతోట అన్న చెప్పిన "కరెంటు పోయిన వంతు ఎవరిది" అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. వంతును రోజుల్లో కాకుండా గంటల్లో పెట్టండి. మనిషి పుస్తకంలో రాస్తాడు. కరెంటు పోతే గడియారం ఆగినట్టే, వచ్చాక అదే పొలం నుంచి మొదలు.

పల్లెబోరు | జూన్ 8, ఉదయం 10.40

రోడ్డు అవతల వాడు బోరు వేస్తే? మీ ఏడుగురూ బుద్ధిమంతుల్లా ఉంటారు, ఎనిమిదోవాడు మీ పగులు మీదే పొడుస్తాడు. దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.

రిటైర్డ్_ఏఈ | జూన్ 8, మధ్యాహ్నం 12.30

నేల, నీళ్లు, చెట్లను కాపాడడానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి ఉండాలి. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వెయ్యకూడదు. బోరు బండ్లకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. రాత్రి పదకొండుకు వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోయే బండిని కాగితం ఆపలేదు. ఆపితే పక్క పొలం వాళ్లే ఆపాలి. కాబట్టి ఆ ఎనిమిదో మనిషిని బయట ఉంచకండి, ఇప్పుడే పిలవండి. బోరు లేకపోయినా సరే, ఆయనకు ఒక తడి మాట ఇవ్వండి. పాలమూరోడు గారు మొదట్లో చెప్పింది అదే.

మడకశిర_రైతు | జూలై 12, రాత్రి 9.15

ఆలస్యమైంది, విత్తనం పనుల్లో పడిపోయా. చాలామంది మెసేజ్ పెట్టారు, అందుకే వివరంగా రాస్తున్నా.

మొదట నల్లరేగడి అన్న చెప్పినట్టు నాలుగూ కలిపి వేసి కొలిచాం. చిన్నాన్న రెండో బోరు, వరి ఆయన బోరు ఒకే పగులు మీద ఉన్నట్టున్నాయి. రెండూ కలిసి నడిస్తే చిన్నాన్నది 25 నుంచి 40 సెకన్లకు పోయింది. వరి ఆయన అది చూసి ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి, "వరి అరెకరానికి దించుతా, ఇంటి గింజలకు. అంతకంటే దించమంటే నా భార్య ఒప్పుకోదు" అన్నాడు. నిజంగా ఆమె ఒప్పుకోలేదా, ఈయనే ఆమె పేరు చెప్పాడా తెలీదు. మేం అడగలేదు.

అప్పు ఆయన చేరలేదు. ఆయన నాలుగెకరాలు, ఆయన బోరు విడిగా ఉన్నాయి. ఆయన తప్పేం లేదు. రెండు బోర్లు ఎండిపోయాక మూడో బోరుకు చేసిన అప్పు అది. అంత పెట్టినవాణ్ని పంచమని అడగడానికి నాకే నోరు రాలేదు. కొత్త బోరు మాత్రం వెయ్యనన్నాడు. "వెయ్యడానికి డబ్బులేవి" అన్నాడు, అదీ నిజమే.

కాబట్టి ఆరుగురం, 18 ఎకరాలు, మూడు బోర్లు. రోజుకు ఎకరన్నరకు కొంచెం తక్కువ చొప్పున 13 రోజులకు ఒక చుట్టు వస్తుంది. సిమెంటు తొట్టికి డబ్బు కుదరలేదు, వాల్వులు పెట్టి పైపే కలిపాం. పాత డ్రిప్ పైపులు, ఎండిన బోర్ల పైపులు బయటికి తీస్తే సగం సరిపోయింది. మిగతాది ఎకరా లెక్కన చందా. పదేళ్ల ఒప్పందం అంటే ఎవరూ సంతకం పెట్టేలా లేరు, అందుకే ఈ ఒక్క పంటకే రాసుకున్నాం. స్టాంపు కాగితం కాదు, మా అమ్మాయి స్కూలు నోటుపుస్తకంలో. ఆటోస్టార్టర్లు తీసేశాం. రోడ్డు అవతలాయనకు రెండు తడులు మాట ఇచ్చాం.

వాల్వు తిప్పడానికి ఊళ్లోనే ఒకామెను పెట్టాం. భూమి లేదు, భర్త బెంగళూరులో పని. ఆమె మొదటి రోజే చిన్నాన్న పొలంలో పది నిమిషాలు ముందే కట్టేసింది. చిన్నాన్న అరిచాడు. ఆమె పుస్తకం తీసి గంటలు చూపించింది. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఇంకా ఒక్క తడి కూడా అవసరం రాలేదు, వాన బాగానే పడుతోంది. అసలు పరీక్ష ఆగస్టులో.

ఒక సందేహం అక్కా. వానమాపకం మా మిద్దె మీద పెట్టాం. కోళ్లు ఎక్కి తొక్కుతున్నాయి, నిన్న మొత్తం ఒలికిపోయింది. ఎక్కడ పెట్టాలి? ఈలోగా అప్పు ఆయన రోజూ సాయంత్రం వచ్చి "ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడిగి పోతున్నాడు. నిన్నటిది ఏం చెప్పాలో తెలియక ఇరవై అని చెప్పేశా.

కొలతబకెట్టు | జూలై 12, రాత్రి 9.50

మిద్దె మీద వద్దు, గోడల పక్కనా వద్దు. చెట్టుకి, ఇంటికి దూరంగా, ఖాళీ నేలలో గుంజ పాతి పెట్టు, చుట్టూ ముళ్లకంప వెయ్యి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే చదవాలి.

నిన్నటి గడిలో "ఒలికిపోయింది" అని రాయి. ఇరవై అని రాయకు. రేపు ఆయనకు కూడా అదే చెప్పు.

చీనీతోట | జూలై 12, రాత్రి 10.20

తమ్ముడూ, ఆగస్టులో ఏమైందో రాయడం మర్చిపోకు. ఆ నోటుపుస్తకం పేజీ ఒక ఫొటో పెడతావా? మా అన్నకు చూపించాలి.

మడకశిర_రైతు | జూలై 12, రాత్రి 10.41

పెడతానన్నా. మా అమ్మాయి పుస్తకం స్కూలుకి తీసుకుపోయింది, రేపు సాయంత్రం వస్తుంది.